ప్రత్యేక విద్యా తరగతిలో స్వతంత్ర కృత్యాల నిర్వహణ: విశాఖపట్నం నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

బౌద్ధిక వైకల్యం, ఆటిజం ఉన్న పిల్లల తరగతిలో ఉపాధ్యాయుడు ఒక విద్యార్థికి బోధిస్తున్నప్పుడు మిగిలిన పిల్లలు ఏం చేస్తుంటారన్నది బోధనాశాస్త్రం తరచుగా దాటవేసే ప్రశ్న. ఆ సమయం వృథా కాకుండా, పిల్లలు తమకు వచ్చిన పనిని పెద్దల తోడ్పాటు లేకుండా మొదలుపెట్టి ముగించేలా చేసే ఏర్పాటే స్వతంత్ర కృత్య విధానం. ఈ విధానపు చారిత్రక మూలాలను, కృత్యాల ఎంపికను, తరగతి గది అమరికను, సూచనలను క్రమంగా తగ్గించే పద్ధతిని, ప్రగతి నమోదును ఈ వ్యాసం వివరిస్తుంది. ఓడరేవు, నౌకాదళం, ఉక్కు కర్మాగారం కలిసి రూపుదిద్దిన విశాఖపట్నం నగర జీవనాన్ని నేపథ్యంగా తీసుకుని, అక్కడి భాషా వైవిధ్యం, షిఫ్టు పనివేళలు, స్థానిక వస్తుసామగ్రి ఈ విధానంతో ఎలా ముడిపడతాయో చర్చిస్తుంది.

కీలక పదాలు: ప్రత్యేక విద్య, స్వతంత్ర కృత్యం, బౌద్ధిక వైకల్యం, ఆటిజం, కార్యవిశ్లేషణ, సూచనల ఉపసంహరణ, విశాఖపట్నం.

1. ఉపోద్ఘాతం

ఒక తరగతిలో పదిమంది పిల్లలు, ఒక ఉపాధ్యాయురాలు ఉన్నారనుకుందాం. గంటసేపటిని ఆమె ఒక్కొక్కరికీ సమానంగా పంచితే ప్రతి విద్యార్థికీ 6 నిమిషాల వ్యక్తిగత బోధన అందుతుంది. మిగిలిన 54 నిమిషాలు ఆ విద్యార్థి తన వంతు కోసం ఎదురుచూడాలి. సాధారణ పాఠశాలలో పిల్లలు ఇటువంటి ఖాళీని పుస్తకంతోనో, పక్కవారితో కబుర్లతోనో నింపుకుంటారు. ఏం చేయాలో తనంతట తాను నిర్ణయించుకోవడమే కష్టమైన పిల్లలకు ఆ వెసులుబాటు లేదు. వారు కుర్చీలోంచి లేస్తారు, చేతులు ఊపుతారు, పక్కవారి వస్తువు లాక్కుంటారు, లేదా నిశ్చలంగా కూర్చుండిపోతారు. మొదటి మూడింటికి ‘సమస్యాత్మక ప్రవర్తన’ అని పేరు పడుతుంది. నాలుగోదానికి ‘బుద్ధిమంతుడు’ అన్న మెప్పు దక్కుతుంది. నిజానికి నాలుగు సందర్భాల్లోనూ జరిగింది ఒక్కటే: పిల్లవాడి సమయం పోయింది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. నిర్దేశిత స్థాయి వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు, ఇరుగుపొరుగు బడిలోగానీ తాము ఎంచుకున్న ప్రత్యేక పాఠశాలలోగానీ ఉచితంగా చదువుకునే హక్కును ఇచ్చింది. రజనీష్ కుమార్ పాండే కేసులో 2021 అక్టోబరు 28న వెలువరించిన తీర్పులో సుప్రీంకోర్టు ప్రత్యేక ఉపాధ్యాయుల కొరతను తీవ్రంగా పరిగణించి, విద్యార్థుల సంఖ్యకు తగిన నిష్పత్తిలో వారిని నియమించాలని ఆదేశించింది. ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు అన్న నిష్పత్తి అక్కడి నుంచే విస్తృత చర్చలోకి వచ్చింది. ఈ నిష్పత్తి పూర్తిగా అమలైనా పైన చెప్పిన 54 నిమిషాల లెక్క మారదు. కాబట్టి నియామకాల ప్రశ్నతోపాటు, ఉన్న సమయాన్ని తరగతి గదిలో ఎలా అమర్చుకోవాలన్న ప్రశ్న కూడా అంతే ముఖ్యమైనది.

2. భావన, చారిత్రక నేపథ్యం

స్వతంత్ర కృత్యం అంటే విద్యార్థి ఇదివరకే నేర్చుకున్న నైపుణ్యాన్ని, నిర్ణీత స్థలంలో, నిర్ణీత పరిమాణంలో, పెద్దల మాటగానీ చేయూతగానీ లేకుండా మొదలుపెట్టి, కొనసాగించి, ముగించే పని. ఈ మూడు క్రియల్లో దేనికి పెద్దల తోడు అవసరమైనా అది ఇంకా స్వతంత్ర కృత్యం కాలేదని అర్థం.

ఈ ఆలోచనకు సుదీర్ఘ చరిత్ర ఉంది. పంతొమ్మిదో శతాబ్ది ఆరంభంలో ఫ్రాన్సులో జాన్ ఇటార్ అడవిలో దొరికిన బాలుడికి ఇంద్రియశిక్షణ ద్వారా చదువు నేర్పడానికి ప్రయత్నించారు. ఆయన శిష్యుడు ఎడ్వర్డ్ సెగ్విన్ ఆ పద్ధతిని బౌద్ధిక వైకల్యం ఉన్న పిల్లలకు విస్తరించారు. వివిధ ఆకారాల చెక్కముక్కలను వాటి గుంటల్లో అమర్చే ‘సెగ్విన్ ఫలకం’ నేటికీ మన ప్రత్యేక పాఠశాలల్లో, పరీక్షాకేంద్రాల్లో కనిపిస్తుంది. రోమ్ నగరంలో వైకల్యం ఉన్న పిల్లలతో పనిచేసిన మరియా మాంటిస్సోరి వీరిద్దరి కృషిని అధ్యయనం చేసి, తప్పును వస్తువే చెప్పే బోధనసామగ్రిని రూపొందించారు. పెద్ద స్తంభం చిన్న గుంటలో పట్టదు. కాబట్టి ‘తప్పు’ అని ఉపాధ్యాయుడు చెప్పనక్కర లేదు. 1939లో మద్రాసు అడయారుకు వచ్చిన మాంటిస్సోరి యుద్ధకాలంలో భారతదేశంలోనే ఉండి ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. వైకల్యం ఉన్న పిల్లల కోసం పుట్టిన పద్ధతి సాధారణ శిశువిద్యగా ప్రసిద్ధి పొంది, తన మూలాన్ని మరచిపోవడం విద్యాచరిత్రలోని ఒక విచిత్రం.

ఆధునిక స్వతంత్ర కృత్య విధానానికి స్పష్టమైన రూపమిచ్చింది అమెరికాలోని ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయం. ఎరిక్ షాప్లర్ నాయకత్వంలో 1972లో రాష్ట్రస్థాయి కార్యక్రమంగా స్థిరపడిన ‘టీచ్’ పద్ధతి, ఆటిజం ఉన్నవారు విన్నదానికన్నా చూసినదాన్ని మెరుగ్గా గ్రహిస్తారన్న పరిశీలనపై ఆధారపడింది. అందులో భాగమైన వ్యక్తిగత పని విధానం విద్యార్థికి నాలుగు ప్రశ్నలకు కంటితో కనిపించే జవాబులు ఇస్తుంది: ఏ పని చేయాలి? ఎంత చేయాలి? పూర్తయిందని ఎలా తెలుస్తుంది? తరువాత ఏమిటి? కారా హ్యూమ్, శామ్యూల్ ఓడమ్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఆటిజం ఉన్న ముగ్గురిలో ఈ విధానం పనిలో నిమగ్నతను పెంచి, పెద్దల సూచనలను తగ్గించింది. ముగ్గురిపై చేసిన అధ్యయనం అందరికీ వర్తించే తీర్పు కాదు. అయితే ఏకవిషయ ప్రయోగాల్లో విధానాన్ని ఉపసంహరించి, తిరిగి ప్రవేశపెట్టి మార్పును సరిచూస్తారు కనుక ఆ ఫలితానికి ప్రాధాన్యం ఉంది.

భారతదేశంలో ఈ పనికి కావలసిన పునాది వేరే దారిలో సిద్ధమైంది. మద్రాసులో రూపొందిన వికాసాత్మక కార్యక్రమ విధానం 18 రంగాల్లో, రంగానికి 20 చొప్పున 360 నైపుణ్యాలను సరళం నుంచి క్లిష్టానికి క్రమబద్ధం చేసింది. 1984లో సికింద్రాబాదులో ఏర్పడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ పూర్వ ప్రాథమిక స్థాయి నుంచి పూర్వ వృత్తివిద్యా స్థాయి వరకు క్రియాత్మక మదింపు జాబితాలను తయారుచేసింది. ఒక విద్యార్థికి ఏది ‘ఇప్పటికే వచ్చు’ అన్నది ఈ జాబితాలే చెబుతాయి. స్వతంత్ర కృత్యాల ఎంపిక అక్కడి నుంచే మొదలుకావాలి.

3. విశాఖ నేపథ్యం

1933లో ఓడరేవు, ఆపై నౌకానిర్మాణ కేంద్రం, తూర్పు నౌకాదళ స్థావరం, 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం విశాఖపట్నాన్ని వలసల నగరంగా మార్చాయి. ఇక్కడి ప్రత్యేక విద్యలోనూ ఆ ముద్ర కనిపిస్తుంది. ఉక్కునగరంలో కర్మాగారం సహకారంతో నడిచే అరుణోదయ ప్రత్యేక పాఠశాల, నౌకాదళ కుటుంబాల సంక్షేమ సంఘం నిర్వహించే సంకల్ప్ పాఠశాల, జీవనానికి ఆసరా అన్న అర్థమిచ్చే జర్మన్ మాటను పేరుగా పెట్టుకున్న లెబెన్‌షిల్ఫె ఇందుకు నిదర్శనాలు. ప్రభుత్వ పక్షాన సమగ్ర శిక్షలో భాగంగా భవిత కేంద్రాలు పనిచేస్తున్నాయి.

ఈ నేపథ్యానికీ స్వతంత్ర కృత్యాలకూ మూడు విషయాల్లో సంబంధం ఉంది. మొదటిది భాష. ఉక్కునగరంలోనూ నౌకాదళ నివాసాల్లోనూ ఇంటిభాష తెలుగే అయి ఉండాలన్న నియమం లేదు. ఒడియా, హిందీ, బెంగాలీ, తమిళం మాట్లాడే కుటుంబాలు బదిలీలపై వస్తుంటాయి. మాటను గ్రహించడమే కష్టమైన పిల్లవాడు ఇంట్లో ఒక భాషను, బడిలో మరొక భాషను ఎదుర్కొంటాడు. బొమ్మ, రంగు, ఆకారం, వస్తువు ఆధారంగా నడిచే పని విధానానికి ఈ భారం తక్కువ. బదిలీపై మరో ఊరికి వెళ్లినా విద్యార్థి తన పని విధానాన్ని వెంట తీసుకుపోగలడు.

రెండోది కాలం. కర్మాగారంలో మూడు షిఫ్టులు. తండ్రి ఒక వారం తెల్లవారుజామున బయలుదేరుతాడు, మరో వారం రాత్రంతా పనిచేసి పగలు నిద్రపోతాడు. నావికుడు నెలల తరబడి సముద్రంలో ఉంటాడు. ఇంటి దినచర్య వారవారం మారే పిల్లలకు, బడిలో ప్రతిరోజూ ఒకే క్రమంలో సాగే పని సమయం నిలకడనిస్తుంది.

మూడోది పని సంస్కృతి. వర్క్‌షాపు గోడ మీద ప్రతి పనిముట్టు ఆకారాన్ని గీతగా గీసి, ఆ గీతలోనే ఆ పనిముట్టును తగిలించే పద్ధతి కార్మిక కుటుంబాలకు తెలిసిందే. ఏ వస్తువు లేదో, ఏది ఎక్కడికి చేరాలో చూపుతోనే తెలుస్తుంది. ప్రత్యేక తరగతిలోని కృత్యఫలకం కూడా అదే సూత్రంపై నడుస్తుంది. ఇది వైకల్యం కోసం కనిపెట్టిన వింత ఏర్పాటు కాదనీ, బాధ్యత గల పనిచోటులన్నింటా ఉన్న క్రమమేననీ ఈ పోలిక ద్వారా తల్లిదండ్రులకు తేలికగా వివరించవచ్చు.

4. బోధన కృత్యం – స్వతంత్ర కృత్యం

ఈ విధానం విఫలమైన చోట కారణం చాలావరకు ఒకటే: నేర్పవలసిన పనిని స్వతంత్ర కృత్యంగా ఇవ్వడం. కొత్త నైపుణ్యాన్ని ఉపాధ్యాయుడు పక్కన కూర్చుని నేర్పాలి. ఆ నైపుణ్యం సూచన లేకుండా, వేర్వేరు రోజుల్లో, స్థిరంగా కనిపించిన తరువాతే అది స్వతంత్ర కృత్యాల పెట్టెలోకి చేరాలి. రంగులు వేరుచేయడం ఇంకా నేర్చుకుంటున్న విద్యార్థికి ఒంటరిగా ఆ పని అప్పగిస్తే అతడు తప్పును అభ్యాసం చేస్తాడు. వారం తరువాత ఆ తప్పును మాన్పించడం కొత్తగా నేర్పడంకన్నా కష్టం.

అలాగని ఎన్నో ఏళ్ల క్రితం వచ్చిన పనినే రోజూ ఇవ్వడమూ సరికాదు. పదహారేళ్ల యువకుడి చేత పూసలు గుచ్చించి, విప్పి, మళ్లీ గుచ్చించడం కాలక్షేపం మాత్రమే. కృత్యం వయసుకు తగినదై, నైపుణ్యం స్థాయికి తగినదై, వీలైతే ఏదో ఒక ఉపయోగం గలదై ఉండాలి. నైపుణ్యం నాలుగేళ్ల పిల్లవాడి స్థాయిలో ఉన్నా వస్తువు పదహారేళ్లవాడి ప్రపంచానికి చెందినదై ఉండవచ్చు. రంగు దిమ్మలకు బదులు స్టీలు గరిటెలు, చెంచాలు వేరుచేయడం అటువంటిది. రెండింటికీ కావలసిన మానసిక ప్రక్రియ ఒకటే, గౌరవం వేరు.

5. కృత్యాల రూపకల్పన

మంచి స్వతంత్ర కృత్యం తనను తానే వివరించుకుంటుంది. విద్యార్థి దానిని చూడగానే ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలియాలి. ఇందుకు కావలసిన సామగ్రి అంతా ఒకే పళ్లెంలోనో పెట్టెలోనో ఉండాలి. నట్టు కోసం బీరువా దగ్గరకు వెళ్లిన విద్యార్థి తిరిగి వస్తాడన్న భరోసా లేదు. ముక్కల సంఖ్య లెక్కగా ఉండాలి. పది గుంటలకు పది వస్తువులే ఉంటే చివరి వస్తువుతో పని ముగిసినట్టు కన్నే చెబుతుంది. ‘కాసేపు చెయ్యి’ అన్న మాటకు ఆటిజం ఉన్న విద్యార్థి మనసులో కొలత లేదు.

కృత్యాలను క్లిష్టత ప్రకారం ఐదు మెట్లుగా చూడవచ్చు. మొదటి మెట్టు వేయడం: మూతకు చేసిన రంధ్రంలోంచి డబ్బాలో సీసా మూతలు వేయడం. రెండోది జతపరచడం: వస్తువును దాని బొమ్మపైనో గీతపైనో ఉంచడం. మూడోది వేరుచేయడం: రెండు మూడు పరిమాణాల నట్లను వేర్వేరు గిన్నెల్లో వేయడం. నాలుగోది కూర్చడం: నట్టును బోల్టుకు బిగించడం, డబ్బాకు సరైన మూత పెట్టడం. ఐదోది బహుళ దశల పని: కాగితం మడిచి, కవరులో పెట్టి, అంటించి, పదేసి చొప్పున కట్ట కట్టడం.

సామగ్రి కోసం ఖరీదైన దిగుమతులు అవసరం లేదు. వేరుశనగ కాయలు ఒలవడం, చింతపండులో పిక్కలు తీయడం, పూజకు వత్తులు చేయడం, పూలు దారానికి గుచ్చడం, మన్యం నుంచి వచ్చే అడ్డాకులను పరిమాణం ప్రకారం దొంతర పేర్చడం ఈ ప్రాంతపు ఇళ్లలో, అంగళ్లలో నిజంగా జరిగే పనులు. పొరుగు జిల్లా అనకాపల్లిలోని ఏటికొప్పాక లక్కబొమ్మలు, చెక్క ఉంగరాలు పరిమాణక్రమానికీ, రంగుల జతకూ చక్కగా పనికివస్తాయి. సహజమైన రంగులతో, లక్కపూతతో చేసినవి ఎంచుకుంటే, వస్తువును నోట్లో పెట్టుకునే పిల్లల విషయంలో ఆందోళన తగ్గుతుంది. చింతపిక్కలు, గింజలు, పూసలు మాత్రం ముక్కులోనో చెవిలోనో పెట్టుకునే అలవాటున్న విద్యార్థికి ఇవ్వకూడదు. పర్యవేక్షణ దూరమయ్యే సమయం కనుక ఈ జాగ్రత్త మామూలు తరగతిలోకన్నా ఇక్కడ ఎక్కువ అవసరం. సముద్రపు గాలిలోని తేమకు కాగితపు బొమ్మలు త్వరగా మెత్తబడతాయి, జిగురు వదిలేస్తుంది. లామినేషన్ చేసి, అంచులు మూసిన కార్డులు, జిగురుకు బదులు గుడ్డపై కుట్టిన వెల్క్రో పట్టీలు ఎక్కువ కాలం నిలుస్తాయి.

6. తరగతి గది అమరిక

పని స్థలం గోడవైపు, కిటికీకి దూరంగా, రాకపోకలు లేని మూలలో ఉండడం మేలు. బల్లకు ఎడమవైపు అరలో చేయవలసిన పెట్టెలు, మధ్యలో పని చేసే చోటు, కుడివైపు ‘పూర్తి’ బుట్ట. తెలుగు చదివే దిశ కూడా ఎడమ నుంచి కుడికే కనుక ఈ క్రమం అక్షరాభ్యాసానికి సైతం అనుకూలిస్తుంది. ఎడమవైపున్న పెట్టెల సంఖ్యే ‘ఎంత పని’ అన్నదానికి జవాబు. అవి తరిగిపోతున్నకొద్దీ ముగింపు దగ్గరపడుతోందని విద్యార్థి గ్రహిస్తాడు.

విద్యార్థి స్థాయిని బట్టి సూచికలు మారతాయి. బొమ్మను గుర్తించలేని విద్యార్థికి పెట్టెలను ఎడమవైపు వరుసగా పేర్చడమే సూచిక. పైనున్నది తీసి చేయడమే అతడి పని. జతపరచగల విద్యార్థికి బల్లపై నిలువు పట్టీ మీద మూడు రంగుల కార్డులుంటాయి. పై కార్డు తీసి, అదే రంగు కార్డున్న పెట్టెకు అతికించి, ఆ పెట్టెను తెచ్చుకుంటాడు. సంఖ్యలు తెలిసినవారికి అంకెలు, చదవగలిగినవారికి పనుల జాబితా ఇచ్చి, చేసినదానికి ఎదురుగా టిక్కు పెట్టమనవచ్చు. పట్టీలో చివరి కార్డు ఎప్పుడూ ‘తరువాత ఏమిటి’ అన్నదానికి జవాబుగా ఉండాలి. అది ఉయ్యాల బొమ్మ కావచ్చు, నీళ్లసీసా కావచ్చు, మధ్యాహ్న భోజనం కావచ్చు. పని పూర్తి చేస్తే మరింత పని వస్తుందని గ్రహించిన విద్యార్థి నెమ్మదిగా చేయడం మొదలుపెడతాడు. అది మొండితనం కాదు, సరైన తర్కం.

పూర్తి బుట్టకు సంబంధించి మరో జాగ్రత్త ఉంది. విద్యార్థి వేరుచేసి పెట్టిన వస్తువులను అతడి కళ్ల ముందే మళ్లీ కలిపేయకూడదు. తన పనిని తక్షణమే చెరిపివేయడం చూసిన పిల్లవాడికి ‘పూర్తి’ అన్న భావన అర్థం కాదు. మరుసటి రోజుకు పెట్టెలను సిద్ధం చేయడం బడి వదిలిన తరువాత జరగవలసిన పని.

7. సమయ విభజన

పదిమంది పిల్లలు, ఒక ఉపాధ్యాయురాలు, ఒక ఆయా ఉన్న తరగతికి గంట వ్యవధిని 20 నిమిషాల చొప్పున మూడు విడతలు చేయవచ్చు. పిల్లలను నలుగురు, ముగ్గురు, ముగ్గురుగా మూడు జట్లు చేస్తే, ఒక జట్టు ఉపాధ్యాయురాలి వద్ద కొత్త పాఠం, రెండోది స్వతంత్ర కృత్యం, మూడోది ఆయా వద్ద స్వయంసహాయక నైపుణ్యాలు లేదా ఆట. గంట ముగిసేసరికి ప్రతి విద్యార్థికీ చిన్న జట్టులో 20 నిమిషాల బోధన, 20 నిమిషాల స్వతంత్రమైన పని అందుతాయి. 6 నిమిషాల వ్యక్తిగత బోధన, 54 నిమిషాల నిరీక్షణతో పోల్చితే ఈ తేడా స్పష్టం.

ఆరంభంలోనే ఈ అమరికను పూర్తిగా అమలు చేయాలనుకోకూడదు. మొదటి వారంలో ఒక విద్యార్థి, ఒక పెట్టె, రెండు నిమిషాల పని చాలు. పని విధానం స్థిరపడిన తరువాతే పెట్టెల సంఖ్యను, ఆపై విద్యార్థుల సంఖ్యను పెంచాలి. పని కష్టతరం చేయడం, పని పొడిగించడం రెండూ ఒకేసారి చేయకూడదు.

8. సూచనల ఉపసంహరణ

స్వతంత్ర కృత్యాలకు అతిపెద్ద ఆటంకం పెద్దల ప్రేమే. ‘తియ్యి నాన్నా’, ‘ఊఁ, తరువాత?’, ‘అబ్బ, భలే!’ అన్న మాటలు సహజంగా వస్తాయి. ప్రతి ముక్కకూ ఒక మాట విన్న విద్యార్థి ఆ మాటను కూడా పనిలో ఒక దశగా నేర్చుకుంటాడు. మాట రానిదే చెయ్యి కదలదు. దీనినే సూచనాధీనత అంటారు. కాబట్టి పని విధానాన్ని నేర్పేటప్పుడు పెద్దలు విద్యార్థి ఎదుట కాక వెనుక నిలబడాలి, మాట్లాడకూడదు. అవసరమైతే చేతిని వెనుకనుంచి పట్టి కార్డు వైపు నడిపించాలి. ఆ తాకిడిని చేతి నుంచి మణికట్టుకు, మణికట్టు నుంచి మోచేతికి, మోచేతి నుంచి భుజానికి జరుపుతూ చివరకు తొలగించాలి. తరువాత అడుగడుగుగా దూరం జరగాలి. మెప్పు పని మధ్యలో కాక, చివరి పెట్టె బుట్టలో పడిన తరువాత చెప్పాలి.

ఒక పనిని చిన్న అడుగులుగా విడగొట్టే కార్యవిశ్లేషణ ఇక్కడ తోడ్పడుతుంది. పని విధానాన్నే నాలుగు అడుగులుగా చూడవచ్చు: కార్డు తీయడం, పెట్టె తెచ్చుకోవడం, పని చేయడం, పూర్తి బుట్టలో ఉంచడం. చాలామంది పిల్లలు మూడో అడుగు చక్కగా చేస్తారు, నాలుగో అడుగు దగ్గర ఆగి పెద్దల ముఖం చూస్తారు. పని వచ్చినా, పని ముగించే అధికారం తనదేనని వారికి ఎవరూ నేర్పలేదు.

9. ప్రగతి నమోదు

సాధారణంగా తరగతి రికార్డులో ‘సరిగా చేశాడు’, ‘చేయలేదు’ అన్న నమోదే ఉంటుంది. స్వతంత్ర కృత్యాలకు అది చాలదు. కచ్చితత్వాన్ని, స్వతంత్రతను వేరువేరుగా నమోదు చేయాలి. ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుంటే, మూడు పెట్టెలకు నాలుగేసి అడుగుల చొప్పున మొత్తం 12 అడుగులు. తొలిరోజు 9 అడుగులకు సూచన అవసరమైతే స్వతంత్రత 25 శాతం. నెల తరువాత 3 అడుగులకే అవసరమైతే 75 శాతం. ఈ నెలంతా ముక్కలను అమర్చడంలో కచ్చితత్వం నూరు శాతంగానే ఉండి ఉండవచ్చు. పాత పద్ధతిలో నమోదు చేసిన ఉపాధ్యాయుడికి ఈ ప్రగతి కనిపించేది కాదు.

ఏ అడుగు దగ్గర సూచన అవసరమైందో గుర్తిస్తే తరువాతి నిర్ణయం సులభమవుతుంది. రెండో అడుగు దగ్గర ఆగితే పెట్టెలు దూరంగా ఉన్నాయేమో చూడాలి. మూడో అడుగు దగ్గర ఆగితే ఆ కృత్యం తిరిగి బోధన బల్లకు రావాలి. నాలుగో అడుగు దగ్గర ఆగితే బుట్ట కనిపించే చోట లేదేమో పరిశీలించాలి. లోపాన్ని పిల్లవాడిలో కాక అమరికలో ముందుగా వెతకడం ఈ విధానపు మౌలిక నియమం. వ్యక్తిగత విద్యా ప్రణాళికలో సైతం లక్ష్యాన్ని ‘నట్లు వేరుచేస్తాడు’ అని కాక, ‘మూడు కృత్యాలను సూచన లేకుండా మొదలుపెట్టి ముగిస్తాడు’ అని రాయడం సముచితం.

10. విమర్శ, పరిమితులు

ఈ విధానంపై వచ్చే విమర్శల్లో మూడు గమనార్హమైనవి. ఒకటి, పిల్లలను ఒంటరిగా గోడవైపు కూర్చోబెట్టడం సమ్మిళిత స్ఫూర్తికి విరుద్ధమన్నది. దినమంతా అలా కూర్చోబెడితే ఈ విమర్శ న్యాయమైనదే. స్వతంత్ర కృత్యం దినచర్యలో ఒక భాగం మాత్రమే కావాలి. ఆట, పాట, జట్టుపని దానికి ప్రత్యామ్నాయాలు కావు, పూరకాలు. నైపుణ్యం స్థిరపడిన తరువాత పని బల్లను క్రమంగా తోటిపిల్లల మధ్యకు తీసుకురావాలి.

రెండు, ఇది యాంత్రికతను పెంచుతుందన్నది. అవే పెట్టెలు నెలల తరబడి అదే క్రమంలో వస్తే తప్పకుండా పెంచుతుంది. పని విధానం స్థిరంగా ఉండాలి, పెట్టెలోని వస్తువు మారుతుండాలి. రెండు కృత్యాల్లో ఏది ముందు చేయాలో విద్యార్థిని ఎంచుకోనివ్వడం చిన్న మార్పే అయినా, ఎంపిక అన్నదే ఎరుగని పిల్లలకు అది పెద్ద పాఠం.

మూడో విమర్శ సాంస్కృతికమైనది. ఎవరి పని వారే చేసుకోవాలన్న ఆదర్శం పాశ్చాత్య వ్యక్తివాదమనీ, మన కుటుంబాల్లో ఒకరిపై ఒకరు ఆధారపడడమే సహజమనీ కొందరు వాదిస్తారు. అయితే పరస్పరాశ్రయంలో ఇచ్చిపుచ్చుకోవడం ఉంటుంది. అన్నీ అందుకునే స్థానంలోనే ఎప్పటికీ ఉండిపోయిన వ్యక్తికి ఆ సంబంధంలో తన వంతు ఇచ్చే అవకాశం ఉండదు. అమ్మ కూర తరుగుతుంటే పక్కన కూర్చుని వేరుశనగలు ఒలిచి గిన్నె ఆమెకు అందించిన అమ్మాయి కుటుంబం నుంచి విడిపోలేదు, కుటుంబంలో ఒక చోటు సంపాదించుకుంది. స్వతంత్ర కృత్యాన్ని మన సందర్భంలో ఈ అర్థంలో గ్రహించాలి.

11. ఇల్లు, ఉపాధి

బడిలో సాధించింది ఇంటికి చేరకపోతే ప్రయోజనం సగమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగర జీవనాన్ని ఛిన్నాభిన్నం చేసినప్పుడు, 2020లో కోవిడ్ కారణంగా బడులు మూతపడినప్పుడు దినచర్య తెగిపోవడం ఈ పిల్లలకు ఎంత భారమో తల్లిదండ్రులు చవిచూశారు. మూడు పెట్టెలు, ఒక బుట్ట, ఒక కార్డుల పట్టీ ఇంట్లో కూడా అమర్చుకోగలిగినవే. బడి పంపే పెట్టెలకన్నా ఇంటి పనులే పెట్టెలు కావడం ఇంకా మంచిది: ఆరిన బట్టల్లో మేజోళ్లు జతచేయడం, కడిగిన గ్లాసులు స్టాండులో బోర్లించడం, టిఫిను డబ్బాకు మూత పెట్టడం. ఈ పనుల్లో ముగింపు కంటికి కనిపిస్తుంది.

పద్దెనిమిదేళ్లు నిండాక ప్రశ్న మరింత తీవ్రమవుతుంది. 2016 చట్టం ప్రభుత్వోద్యోగాల్లో కల్పించిన 4 శాతం రిజర్వేషన్లలో ఆటిజం, బౌద్ధిక వైకల్యం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం, మానసిక రుగ్మత, బహుళ వైకల్యం ఉన్నవారికి కలిపి 1 శాతం కేటాయించింది. 1999 నాటి జాతీయ న్యాస చట్టం సంరక్షకుల నియామకానికి దారి చూపింది. చట్టం తలుపు తెరవగలదు. లోపలికి వెళ్లిన యువకుడు కవర్లు అంటించడం వచ్చి కూడా, ప్రతి కవరుకూ ఎవరో ఒకరు ‘ఇంకొకటి’ అనాలని ఎదురుచూస్తే ఆ కొలువు నిలవదు. ప్యాకింగ్, ఫైళ్లు అమర్చడం, క్యాంటీను పళ్లేలు సర్దడం వంటి పనుల్లో యజమాని కోరేది అసాధారణ నైపుణ్యం కాదు. మొదలుపెట్టడం, కొనసాగించడం, ముగించి తరువాతి పనికి వెళ్లడం చాలు. ఆ మూడు అలవాట్లకు బీజం ఆరేళ్ల వయసులో డబ్బాలో సీసా మూతలు వేసే పనిలోనే పడుతుంది.

12. ముగింపు

పై చర్చ నుంచి కింది అంశాలు తేలుతున్నాయి.

• ప్రత్యేక విద్యా తరగతిలో ‘సమస్యాత్మకం’ అనుకునే ప్రవర్తనలో కొంతభాగం నిర్మాణం లేని నిరీక్షణ ఫలితం. స్వతంత్ర కృత్యాలు ఆ ఖాళీని అర్థవంతం చేస్తాయి.

• ఏ పని, ఎంత, ఎప్పటికి పూర్తి, తరువాత ఏమిటి అన్న నాలుగు ప్రశ్నలకు కంటికి కనిపించే జవాబులు ఉన్నప్పుడే పని విధానం నిలుస్తుంది.

• నేర్చుకున్న నైపుణ్యమే స్వతంత్ర కృత్యంగా మారాలి. వయసుకు తగిన గౌరవం, స్థానికత, భద్రత ఎంపికకు గీటురాళ్లు కావాలి.

• కచ్చితత్వం, స్వతంత్రత వేరువేరు గుణాలు. రెండింటినీ విడిగా నమోదు చేయాలి.

• భాషలు, షిఫ్టులు, బదిలీలు కలగలిసిన విశాఖపట్నం వంటి నగరాల్లో దృశ్యాధారిత పని విధానానికి అదనపు ప్రయోజనం ఉంది. బహుభాషా కుటుంబాల పిల్లల్లో దీని ఫలితాలు, షిఫ్టు కార్మికుల ఇళ్లలో దీని కొనసాగింపు, స్థానిక సామగ్రితో కృత్యాల ప్రామాణీకరణ పరిశోధకులు చేపట్టదగిన అంశాలు.

విద్యార్థి చివరి పెట్టెను బుట్టలో ఉంచి, ఎవరి ముఖమూ చూడకుండా తరువాతి పనికి లేచి వెళ్లిననాడు ఈ విధానం తన లక్ష్యాన్ని చేరుకున్నట్టు. అంతవరకు ఉపాధ్యాయుడి నైపుణ్యం చేయించడంలో ఎంత ఉందో, వెనక్కి జరగడంలోనూ అంతే ఉంది.